ఇంటి కొనుగోలు: రిజిస్ట్రేషన్‌కు ముందూ తర్వాతా

భారతదేశంలో ఇల్లు కొన్నవారికి దక్కేది అమ్మినవారికి ఉన్న హక్కు మాత్రమే. ఆ హక్కులో లోపం ఉంటే అది కూడా ఇంటితో పాటే కొన్నవారికి సంక్రమిస్తుంది. మన స్థిరాస్తి చట్టమంతా ఈ సూత్రం మీదే నడుస్తున్నా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇల్లు కొనే కుటుంబాల అలవాటు దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. వాస్తు, వీధిపోటు, నీటి సదుపాయం, బడి ఎంత దూరం అన్న విషయాల మీద నెలలు గడుస్తాయి. కాగితాల పరిశీలన మాత్రం రిజిస్ట్రేషన్‌కు రెండు రోజుల ముందు డాక్యుమెంట్ రైటర్ చేతికి వెళుతుంది. చాలామంది లోపాలన్నీ రిజిస్ట్రేషన్‌తో సమసిపోతాయనుకుంటారు. నిజానికి ఇంటి కొనుగోలులో అసలు ప్రమాదం గోడల్లో కంటే హక్కులోనే ఎక్కువ. గోడ బీటలు వారితే మరమ్మతుకు ఇంత అని ఒక ఖర్చు ఉంటుంది. హక్కు బీటలు వారితే ఇంటి మొత్తం విలువకే ఎసరొస్తుంది. కాబట్టి కొనేవారి సమయం, డబ్బు, అనుమానం ముందుగా వెళ్లాల్సింది కాగితాల వైపు.

రిజిస్ట్రేషన్‌తో లోపాలు ఎందుకు సమసిపోవో తెలియాలంటే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో నిజంగా నమోదయ్యేది ఏమిటో చూడాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కలిసి వంద రూపాయలు, ఆపై విలువున్న స్థిరాస్తి అమ్మకాన్ని రిజిస్టర్ చేయాల్సిందేనని చెబుతాయి. అయితే రిజిస్టర్ అయ్యేది దస్తావేజు. ఫలానా వ్యక్తి ఫలానా వ్యక్తికి రాసిచ్చాడు, రాసిచ్చినట్టు ఒప్పుకున్నాడు, అతని ఫొటో, వేలిముద్ర ఇవీ అన్నంత వరకే ఆ కార్యాలయం సాక్ష్యం చెబుతుంది. ఆ ఆస్తి నిజంగా అతనిదేనా అన్నది తేల్చడం దాని పని కాదు. పాత దస్తావేజులు చూపకపోతే రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చని తమిళనాడు ఒక నిబంధన పెట్టుకుంది. అమ్మేవారి హక్కును విచారించే అధికారం రిజిస్ట్రారుకు 1908 చట్టం ఇవ్వలేదంటూ సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ఆ నిబంధనను కొట్టేసింది. దీనికి భిన్నమైన పద్ధతి 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో మొదలైంది. అక్కడ రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వారిదే ఆస్తి, అందుకు ప్రభుత్వమే హామీ. ఆ దిశగా ఆంధ్రప్రదేశ్ తెచ్చిన భూహక్కుల చట్టం 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. వివాదాలను సివిల్ కోర్టుల నుంచి అధికారుల చేతికి మార్చడంపై తీవ్ర వ్యతిరేకత వచ్చి 2024లో రద్దయింది. కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇవాళ్టికీ హక్కును రుజువు చేసుకునే భారం కొన్నవారిదే.

ఆ భారాన్ని మోసేవి లింకు డాక్యుమెంట్లు. ఇప్పుడు అమ్ముతున్న వ్యక్తికి ఆస్తి ఎవరి నుంచి వచ్చింది, వారికి అంతకు ముందు ఎవరి నుంచి వచ్చింది అని వెనక్కి పోతూ, కనీసం 30 ఏళ్ల గొలుసు తెగకుండా ఉందో లేదో న్యాయవాదులు చూస్తారు. దీనికి మొదటి సాధనం ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, వాడుకలో ఈసీ. రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలోనూ 1983 నుంచి జరిగిన లావాదేవీలు దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టి తీయించుకోవాలి. ఈసీలో ఒక్కో వరుసకూ ఆస్తి వివరం, హద్దులు, తేదీలు, లావాదేవీ స్వభావం, విలువ, రాసిచ్చినవారు, రాయించుకున్నవారు, దస్తావేజు నంబరు ఉంటాయి. చదివే పద్ధతి ఒకటుంది. పాత వరుసలో రాయించుకున్న వ్యక్తే తర్వాతి వరుసలో రాసిచ్చిన వ్యక్తి కావాలి. మధ్యలో కొత్త పేరు ఊడిపడితే అతనికి వారసత్వంగా వచ్చిందా, వీలునామా ద్వారానా, పంపకంలోనా అని ఆరా తీసి, ఆ కాగితం చేతికి తెచ్చుకోవాలి. తర్వాత హద్దులు చూడాలి. 1990లో తూర్పున పొరుగువారి స్థలం ఉండి, 2010లో అదే తూర్పున 30 అడుగుల రోడ్డు రాసి ఉంటే, ఆ రోడ్డు ఎవరి నేలలోంచి వచ్చిందో తేలాలి. ఆ తర్వాత విస్తీర్ణం కూడాలి. ఎకరా 4,840 గజాలు. రోడ్లు, పార్కు స్థలం పోను ఆమోదం పొందిన లేఅవుట్‌లో ప్లాట్లకు మిగిలేది సగానికి కాస్త ఎక్కువ. రెండెకరాల సర్వే నంబరులో ఇప్పటికే 9,500 గజాలకు అమ్మకాలు నమోదై ఉంటే, ఎవరో ఒకరి ప్లాటు నేల మీద లేదని ఆ లెక్కే చెబుతుంది.

ఈసీ ఎంత అవసరమో దాని పరిమితి తెలియడమూ అంతే అవసరం. అది వెతికిన వివరాలకే జవాబిస్తుంది. ఒకసారి సర్వే నంబరుతో, మరోసారి ఇంటి నంబరుతో, ఇంకోసారి ప్లాటు నంబరుతో రిజిస్టర్ అయిన ఆస్తిని ఒకే వివరంతో వెతికితే నిల్ ఈసీ రావచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి కనుక అక్కడ రెండింటితోనూ వెతకాలి. రిజిస్టర్ కాని అగ్రిమెంటు ఈసీలో కనిపించదు. వీలునామాలను, రిజిస్టర్ అయినవాటిని కూడా, వేరే పుస్తకంలో నమోదు చేస్తారు కనుక అవీ కనిపించవు. కోర్టులో నడుస్తున్న దావా కనిపిస్తుందన్న భరోసా లేదు. ఆ చివరిది చాలా ప్రమాదకరం. దావా నడుస్తుండగా కొన్నవారు తీర్పుకు కట్టుబడాల్సిందేనని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, కొనేటప్పుడు దావా సంగతి తమకు తెలియకపోయినా సరే. అందుకే అమ్మేవారి పేరుతోనూ వారి పూర్వీకుల పేర్లతోనూ ఈ-కోర్టుల వెబ్‌సైట్‌లో వెతకడం, స్థలం దగ్గరికి వెళ్లి చుట్టుపక్కల వాళ్లను అడగడం తప్పవు. పత్రికలో బహిరంగ ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు కోరడం పాత పద్ధతే అయినా, కాగితాల్లో లేని హక్కుదారులను బయటికి రప్పించడానికి ఇప్పటికీ పనికొస్తుంది.

కుటుంబాల్లోంచి వచ్చే చిక్కులు ఈసీకి అందవు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు కల్పించింది. ఈ విషయంలో దేశానికే దారి చూపిన చట్టం అది. 2005 కేంద్ర సవరణ ఆ హక్కును పెళ్లయినవారికీ విస్తరించింది. ఆ సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అయినా పల్లెల్లోనే కాదు, నగరాల శివార్లలోనూ అన్నదమ్ములు మాత్రమే సంతకాలు పెట్టిన పంపకాల పత్రాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. పసుపు కుంకుమలు ఇచ్చి పంపాం, ఆడపిల్లలు అడగరు అనే మాట చట్టం ముందు నిలవదు. కొనేవారు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడిగి, అందులోని ఆడపిల్లలందరి సంతకాలూ తీసుకోవడం వారికి న్యాయం, తమకు రక్షణ. మైనరు సొంత ఆస్తిని కోర్టు అనుమతి లేకుండా సంరక్షకులు అమ్మితే, పెద్దయ్యాక ఆ బిడ్డ దాన్ని రద్దు చేయించుకోవచ్చు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మకమైతే రాసిచ్చిన అసలు యజమాని బతికే ఉన్నారా, జీపీఏ రద్దు కాలేదు కదా అన్నవి చూడాలి. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా కలిపి ఇచ్చి ‘అమ్మేశాం’ అనుకునే పద్ధతితో యాజమాన్యం మారదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

గొలుసు సరిగ్గా ఉన్నా, నేల స్వభావమే అమ్మకానికి అడ్డు కావచ్చు. పేదలకు ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూముల బదిలీని 1977 చట్టం నిషేధించింది. 20 ఏళ్లు గడిచిన అసైన్‌మెంట్లకు ఆంధ్రప్రదేశ్ 2023లో సడలింపు తెచ్చింది. ఏ భూమికి ఏ నిబంధన వర్తిస్తుందో ఆ పట్టా తేదీని బట్టే తేల్చుకోవాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో 1959 నాటి 1వ రెగ్యులేషన్, దానికి 1970లో వచ్చిన సవరణల ప్రకారం గిరిజనేతరులకు స్థిరాస్తి బదిలీ చెల్లదు. దేవాదాయ, వక్ఫ్, భూదాన్, సీలింగ్ మిగులు భూములకు వేటి చట్టాలు వాటికున్నాయి. ఇలాంటివాటిని రిజిస్టర్ చేయకుండా ఆపేందుకే రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితా ఏర్పడింది. రెండు రాష్ట్రాల్లోనూ దాన్ని ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. జాబితాలో లేనంత మాత్రాన భూమి నిక్షేపంగా ఉందని కాదు, జాబితాలో ఉంటే మాత్రం అడ్వాన్స్ ఇవ్వకూడదు. విదేశాల్లో ఉన్న తెలుగువారు మరొకటి గమనించాలి. ప్రవాస భారతీయులు, ఓసీఐ కార్డున్నవారు ఇళ్లు, ఫ్లాట్లు కొనుక్కోవచ్చు గానీ, వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనడాన్ని విదేశీ మారక ద్రవ్య చట్టం అనుమతించదు. నగరం చుట్టూ గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లలో చాలావరకు రికార్డుల్లో వ్యవసాయ భూములే.

నీటి సంగతి విడిగా చెప్పుకోవాలి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుల పూర్తిస్థాయి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు 9 మీటర్లు నిర్మాణాలకు దూరంగా ఉంచాలి. ఆక్రమణల తొలగింపు వంటి పనులకు తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో ఏర్పాటు చేసిన హైడ్రా సంస్థ, ఆ సెప్టెంబరులో హైదరాబాద్ శివారు మల్లంపేటలోని కత్వా చెరువు పరిధిలో కట్టిన విల్లాలను కూల్చింది. ఎండాకాలంలో చూసిన స్థలం మెట్టనేలలాగే కనిపిస్తుంది. అందుకే గ్రామ నక్షా, చెరువుల హద్దుల పటాలు తెచ్చుకుని సర్వే నంబరును వాటి మీద గుర్తించాలి. వానాకాలంలో మరోసారి వెళ్లి చూడటం ఇంకా మేలు.

ఇంత తనిఖీ అవసరమా, బ్యాంకు రుణం ఇస్తోందంటే వాళ్ల లాయరు చూసినట్టే కదా అన్నది సాధారణంగా వచ్చే అభ్యంతరం. ఇందులో కొంత నిజముంది. బ్యాంకు న్యాయ పరిశీలన ఏ పరిశీలనా లేనిదానికంటే నయం. కానీ బ్యాంకు చూసుకునేది తన అప్పుకు సరిపడా భద్రత. రుణగ్రహీత జీతం, హామీదారు సంతకం కూడా ఆ భద్రతలో భాగాలే. ఆస్తి చేజారినా ఈఎంఐ కట్టే బాధ్యత చేజారదు. పైగా ఆ అభిప్రాయం రాసేది బ్యాంకు కోసం, అందులో తప్పు దొర్లితే కొనుగోలుదారుకు బ్యాంకు పరిహారం ఇవ్వదు. సొంత న్యాయవాదికి అయ్యే ఖర్చు ఇంటి ధరలో చాలా చిన్న భాగం. ఆ లాయరు బిల్డరు గానీ మధ్యవర్తి గానీ కుదిర్చినవారు కాకూడదు.

ఇంటి పన్ను కడుతున్నారు, కరెంటు మీటరు ఉంది, కాబట్టి సక్రమమే అన్నది మరో వాదన. ఆస్తిపన్ను, మ్యుటేషన్ అన్నవి పన్ను వసూలుకు ఏర్పడినవని, వాటితో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. అనుమతి లేని కట్టడాల నుంచీ పురపాలక సంస్థలు పన్ను వసూలు చేస్తాయి. అది వాటికి ఆమోదం ఇచ్చినట్టు కాదు.

స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) వచ్చాక భయం లేదనే అభిప్రాయానికి కాస్త వివరంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆ చట్టం చేసిన మేలు నిజమైనది. 2017 మే నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన ఈ చట్టం ప్రకారం రిజిస్టర్ కాని ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం కూడా నేరమే. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి. గడువు తప్పితే వడ్డీతో వెనక్కి అడిగే హక్కుంది. ఈ లెక్కన, తక్కువ ధర ఆశచూపి అనుమతులు రాకముందే డబ్బు మొత్తం కట్టించుకునే ప్రీ-లాంచ్ ఆఫర్లు, యూడీఎస్ (స్థలంలో అవిభాజ్య వాటా) అమ్మకాలు ఏ ముద్దుపేరు పెట్టుకున్నా చట్టం దాటినవే. అయితే రెరా గొడుగు కిందికి అన్ని ఇళ్లూ రావు. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు దాటని స్థలంలో గానీ, ఎనిమిదికి మించని ఫ్లాట్లతో గానీ కట్టేవాటికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మన పట్టణాల్లో సందుల్లో లేచే చిన్న అపార్ట్‌మెంట్లలో చాలా భాగం ఈ మినహాయింపులోకే వస్తాయి. పాత ఫ్లాటును ఒకరి నుంచి మరొకరు కొనేటప్పుడూ రెరా నంబరు హక్కు సంగతి చెప్పదు. రెరా నంబరున్న ప్రాజెక్టులోనూ, బిల్డరు సమర్పించిన కాగితాలను వెబ్‌సైట్‌లో తెరిచి చదివినవారికే ఆ చట్టం ఉపయోగపడుతుంది.

అపార్ట్‌మెంటుకు మరికొన్ని ప్రత్యేకతలున్నాయి. తెలుగు ప్రాంతాల్లో ఎక్కువ భవనాలు స్థల యజమాని, బిల్డరు మధ్య జరిగే డెవలప్‌మెంట్ ఒప్పందంతో లేస్తాయి. ఏ ఫ్లాటు ఎవరి వాటాలోకి వచ్చిందో అనుబంధ ఒప్పందంలో ఉంటుంది. యజమాని వాటాలోని ఫ్లాటును బిల్డరు అమ్మితే ఆ దస్తావేజు నిలవదు. ప్లాను ప్రకారమే కడతామన్న హామీగా కట్టడంలో 10 శాతం భాగాన్ని పురపాలక సంస్థకు తనఖా పెట్టిస్తారు, లేఅవుట్లలోనూ కొన్ని ప్లాట్లు అలాగే తనఖాలో ఉంటాయి. కొంటున్నది అందులోది కాదని చూసుకోవాలి. వెయ్యి గజాల స్థలంలో 40 సమానమైన ఫ్లాట్లుంటే ఒక్కో ఫ్లాటుకు వచ్చే అవిభాజ్య వాటా 25 గజాలు. భవనం పాతబడే కొద్దీ విలువ నిలిచేది ఆ నేలకే కనుక దస్తావేజులో ఆ అంకె ఎంతో, అన్ని ఫ్లాట్ల వాటాలూ కలిపితే స్థలం విస్తీర్ణానికి సరిపోతుందో లేదో చూడాలి. బ్రోచరులోని ఎస్‌ఎఫ్‌టీలో మెట్లు, లిఫ్టు, వరండాల వాటా కలిసి ఉంటుంది. కాబట్టి ధరను కార్పెట్ ఏరియాతో భాగించి పోల్చుకోవాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేని భవనంలో గృహప్రవేశం చేయడమంటే, మంజూరైన ప్లానుకు కట్టడం సరిపోయిందో లేదో తేలకముందే బాధ్యత నెత్తికెత్తుకోవడం.

డబ్బు లెక్కలో ఎక్కువమంది పొరపడేది చేతి నుంచి పెట్టాల్సిన మొత్తం దగ్గర. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల వరకు గృహరుణం ఆస్తి విలువలో 80 శాతం మించకూడదు. నిర్మాణంలో ఉన్న 60 లక్షల ఫ్లాటు తీసుకుందాం. గరిష్ఠ రుణం 48 లక్షలు, సొంతంగా 12 లక్షలు. రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం చొప్పున 4.5 లక్షలు. జీఎస్టీ 5 శాతం, మరో 3 లక్షలు. చెక్కపని, ఫ్యాన్లు మొదలుకాక ముందే 19.5 లక్షలు సిద్ధంగా ఉండాలి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాల్సింది కొనేవారే. అమ్మేవారు విదేశాల్లో స్థిరపడినవారైతే ఆ కోత చాలా ఎక్కువ, మరచిపోతే నోటీసు వచ్చేదీ కొన్నవారికే. రుణం విషయంలో 50 లక్షలను 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 43,400 రూపాయలు. మొదటి నెల అందులో 35,400 దాకా వడ్డీకే పోతుంది. చలన వడ్డీ గృహరుణాలను వ్యక్తులు ముందే తీర్చితే బ్యాంకులు జరిమానా వేయకూడదు కనుక, తొలి ఏళ్లలో అసలుకు కట్టే ప్రతి అదనపు రూపాయికీ విలువ ఎక్కువ.

ఇల్లు చేతికొచ్చాక చేయాల్సిన పనులు కూడా ఈ హక్కు రక్షణలో భాగమే. పురపాలక రికార్డుల్లో, విద్యుత్తు, నీటి కనెక్షన్లలో పేరు మార్పించుకోవాలి. వీటితో యాజమాన్యం రాకపోయినా, స్వాధీనంలో ఉన్నామనడానికి ఇవి సాక్ష్యాలు. ఖాళీ ప్లాటైతే హద్దురాళ్లు పాతి, ప్రహరీ కట్టి, ఏడాదికొకసారి ఈసీ తీయాలి. మరొకరి పేరుతో రెండో రిజిస్ట్రేషన్ జరిగితే తొందరగా తెలిసేది అలాగే. రెరా ప్రాజెక్టుల్లో స్వాధీనం చేసిన అయిదేళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాన్ని, తెలియజేసిన 30 రోజుల్లో బిల్డరు ఉచితంగా సరిచేయాలి. గోడ చెమ్మ, స్లాబు పగులు కనిపించిన రోజే తేదీ పడే ఫొటో తీసి రాతపూర్వకంగా తెలియజేయాలి. నోటిమాటగా సూపర్‌వైజరుకు చెప్పిన ఫిర్యాదుకు ఆధారం మిగలదు. యజమానుల సంఘం త్వరగా రిజిస్టర్ చేసుకుని, మంజూరైన ప్లాను, లిఫ్టు, అగ్నిమాపక కాగితాలు, కార్పస్ నిధి బిల్డరు నుంచి రాబట్టాలి. ఒక్కొక్కరుగా అడిగితే దక్కనివి సంఘంగా అడిగితే దక్కుతాయి.

రుణం పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు అసలు దస్తావేజులు తిరిగివ్వాలని, ఆలస్యానికి తనే కారణమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. 2023 డిసెంబరు 1 నుంచి అది అమల్లో ఉంది. దస్తావేజులు అందుకునేటప్పుడు జాబితాతో సరిచూసుకోండి. తనఖా రిజిస్టర్ అయి ఉంటే విడుదల పత్రం కూడా రిజిస్టర్ చేయించి, ఈసీలో ఆ వరుస చేరిందాకా పని ముగించకండి.